గీసే చేతుల్లో మన చెయ్యీ ఉండాలి

(సంఘం వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మాలో ఒకరిది ఎరుకల ఇల్లు, ఒకరిది యానాది కాలనీ, ఒకరిది సుగాలీ తండా. తిరుపతిలో ఎంసీఏ కలిసి చదివాం. ఇప్పుడు ముగ్గురం సాఫ్ట్‌వేర్ పనిలోనే ఉన్నాం. సంఘం పెద్దలు ఫోన్ చేసి, "పిల్లోళ్లకు చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. కష్టపడండి, పట్టుదలగా ఉండండి అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని మేము ఒక్క సబ్జెక్టు గురించే మాట్లాడాలనుకున్నాం. దాని పేరు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్. ఎంసీఏలో, కంప్యూటర్ బీటెక్‌లో చాలాచోట్ల ఉంటుంది. పేరు పొడుగ్గా ఉందని భయపడకండి. పరీక్షకు ముందు రోజు రాత్రి బొమ్మలు బట్టీపట్టి గట్టెక్కే సబ్జెక్టు అని సీనియర్లు చెబుతారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం.

ముందు ఈ సబ్జెక్టు ఏం చెబుతుందో మన ఇళ్లలో వస్తువులతోనే చూద్దాం.

ఎరుకల ఇంట్లో గంప అల్లే అమ్మను చూడండి. ఆమె దగ్గర కాగితం ఉండదు. అడుగు ఎంత వెడల్పు, ఎన్ని నిలువు బద్దలు, అంచు ఎలా తిప్పాలి అన్న కొలత ఆమె మనసులో ఉంటుంది. ఆ కొలతే క్లాస్. దాని ప్రకారం అల్లి బజారుకు తెచ్చిన ఒక్కో గంప ఒక ఆబ్జెక్ట్. గంప రంగు, సైజు, ధర దాని అట్రిబ్యూట్లు. మోయడం అది చేసే పని, అంటే మెథడ్. చేట, తట్ట, గంప అన్నీ వెదురు అల్లికలే కాబట్టి 'అల్లిక' అనే పెద్ద క్లాస్ కింద ఇవి చిన్న క్లాసులు. పెద్ద క్లాసులోని గుణాలు చిన్న క్లాసుకు వస్తాయి. దీన్నే ఇన్హెరిటెన్స్ అంటారు, మన మాటల్లో వారసత్వం. 'వాడు' అని చెబితే చేట చెరుగుతుంది, గంప మోస్తుంది. మాట ఒకటే, పని వేరు. అది పాలిమార్ఫిజం. ఇంతవరకు మీకు అర్థమైతే మొదటి యూనిట్ సగం అయినట్టే.

ఈ ఆలోచన నార్వే దేశంలో పుట్టింది. 1960 దశకంలో ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా అనే భాష తయారుచేశారు. క్లాస్, ఆబ్జెక్ట్, వారసత్వం అనే మూడూ 1967 నాటి సిమ్యులాలో ఉన్నాయి. తర్వాత అమెరికాలో అలన్ కే బృందం స్మాల్‌టాక్ తెచ్చింది. 1990ల నాటికి ఒక్కో పండితుడు ఒక్కో రకం బొమ్మలు గీస్తుంటే గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఈవార్ జాకబ్సన్ ముగ్గురూ కలిసి అందరికీ ఒకే బొమ్మల భాష ఉండాలని యూఎంఎల్ తయారుచేశారు. 1997 నవంబరులో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంది. మీరు పరీక్షలో గీసే డబ్బాలు, బాణాలు, పుల్లబొమ్మలు అన్నీ అక్కడివే.

ఇక మా కథ.

మా కోర్సులో ఒక మినీ ప్రాజెక్టు చేయాలి. పుస్తకాల్లో ఏటీఎం, లైబ్రరీ, రైల్వే రిజర్వేషన్ ఉదాహరణలు ఉంటాయి. క్లాసులో అందరూ అవే తీసుకున్నారు. మేము కొంచెం గర్వంగా మీసేవ తీసుకున్నాం. 2011 నవంబరులో మీసేవ మొదలైంది మన చిత్తూరు జిల్లాలోనే కదా. పైగా కుల ధ్రువపత్రం మన ముగ్గురికీ తెలిసిన వ్యవహారం. కులం, స్థానికత, పుట్టిన తేదీ మూడూ ఒకే పత్రంలో ఇచ్చే ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్ మీద యూజ్ కేస్ రాశాం. అర్జీదారు వస్తాడు, వివరాలు చెబుతాడు, కాగితాలు ఇస్తాడు, ఫోన్‌కు సందేశం వస్తుంది, గ్రామ స్థాయి అధికారి విచారణ చేస్తాడు, పై అధికారి సంతకం పెడతాడు, పత్రం వస్తుంది. ఏడు మెట్లు. రంగులు కూడా వేశాం.

మా మేడమ్ ఆ కాగితం చాలాసేపు చూసి, అర్జీదారు చోట గీసిన పుల్లబొమ్మ మీద వేలు పెట్టి అడిగారు. "ఎవరిది ఈ బొమ్మ? ఈ మనిషిని మీరు ఎప్పుడైనా కలిశారా?"

మేము నవ్వాం. యాక్టర్ అంటే ఎవరైనా కావచ్చు మేడమ్ అన్నాం. ఆమె నవ్వలేదు. "ఎవరైనా అంటే ఎవరూ కాదు. కలిసి రండి" అన్నారు.

ఆ ఆదివారం మాలో ఒకరి కాలనీకి వెళ్లాం. అక్కడ ఒక అవ్వ మనవరాలి కోసం పత్రానికి తిరుగుతోంది. మేము రాసిన ఏడు మెట్లూ ఆమెకు చదివి వినిపించాం. ఫోన్ మాట రాగానే ఆపింది. "ఆ ఫోను నాది కాదు నాయినా, ఎదురింటి పిల్లోడిది. వాడు బేల్దారి పనికి బొయ్యుండాడు. వాడొచ్చేదాకా ఆ నెంబరు నాకెట్ట తెలుస్తాది?" అంది. పుట్టిన తేదీ అడిగాం. "పెద్ద గాలివాన వొచ్చిన యేడు" అంది. ఇంటిపేరు అడిగాం. వాళ్లాయన పేరు చెప్పింది. విచారణకు అధికారి వస్తే ఇంట్లో ఉంటావా అని అడిగాం. ఇటుకల బట్టీ పని దొరికితే నాలుగు నెలలు ఇల్లు తాళమే అంది.

మా ఏడు మెట్లలో నాలుగు ఆమె దగ్గర విరిగిపోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ముగ్గురం మాట్లాడుకోలేదు. సిగ్గేసింది. ఆ అవ్వ మాకు కొత్త మనిషి కాదు, మా ఇళ్లలో అవ్వలూ అలాంటివాళ్లే. మాలో ఒకరికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఉండి, కుల పత్రంలో లేక, ఒక ఆఫీసులో ఇద్దరూ ఒకరే అని నిరూపించుకోవడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఏడాది మొదటి విడత స్కాలర్‌షిప్ పోయింది. హాస్టల్ బిల్లుకు వాళ్ల అమ్మ కమ్మలు తాకట్టు పెట్టింది. అంత అనుభవం ఉండి కూడా, పెన్సిల్ చేతికి వచ్చేసరికి మేము ఫోన్ ఉన్న, ఇంటిపేరు ఉన్న, పుట్టిన తేదీ ఉన్న మనిషినే గీశాం. పుస్తకంలో ఉన్న మనిషిని గీశాం. మా అవ్వను మేమే బయట పెట్టాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రోజు మేము చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. వ్యవస్థలో చెడ్డవాళ్లు ఉండబట్టే మనకు పని జరగదు అనుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు. గీసినవాళ్లకు మనం గుర్తు రాలేదు, అంతే. ఒక డబ్బాలో ఒక చిన్న సున్నా మరిచిపోతారు.

ఆ సున్నా ఏమిటో చెబుతాం. క్లాస్ డయాగ్రామ్‌లో ఒక అట్రిబ్యూట్ పక్కన ఎన్ని ఉండవచ్చో రాస్తాం. ఒకటి అని రాస్తే ఖచ్చితంగా ఉండాలి. సున్నా నుంచి ఒకటి అని రాస్తే ఉండవచ్చు, లేకపోవచ్చు. పుట్టిన తేదీ పక్కన ఒకటి రాస్తే ఏమవుతుంది? తేదీ తెలియని మనిషిని ఆ యంత్రం తీసుకోదు. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి ఏదో ఒక తేదీ కొట్టాలి. మన కాలనీల్లో, తండాల్లో జనవరి ఒకటో తేదీన పుట్టినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఇంటికి వెళ్లి కార్డులు చూడండి. వాళ్లంతా ఒకే రోజు పుట్టలేదు. గీసినవాళ్లు సున్నా పెట్టకపోవడం వల్ల పుట్టిన పుట్టినరోజులు అవి.

దీనికి మంచి డిజైన్ కూడా ఉంది. ఆధార్ నమోదులో పుట్టిన తేదీతో పాటు ఆ తేదీ ఎలా తెలిసిందో కూడా రాస్తారు. కాగితం చూసి ధ్రువీకరించినదా, మనిషి చెప్పినదా, సుమారుగా వేసినదా అని మూడు రకాలు. ఎవరో ఆలోచించే మనిషి అక్కడ ఆ చిన్న డబ్బా చేర్చారు. 'తెలియదు' అనేది కూడా ఒక సమాచారమే అని గుర్తించారు. మనం నేర్చుకోవలసింది ఇలాంటి పని.

ఇంకో ఉదాహరణ. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. చిత్తూరు జిల్లా నుంచి కొంత, నెల్లూరు జిల్లా నుంచి కొంత తీసి కలిపారు. సూళ్లూరుపేట వైపు ఒక యానాది కుటుంబం ఇల్లు అంగుళం కదలలేదు, జిల్లా పేరు మారింది. తండ్రి పత్రంలో నెల్లూరు, కూతురి పత్రంలో తిరుపతి. ఇప్పుడు జిల్లాను మనిషి లోపల ఒక గుణంలాగా గీస్తే తండ్రీ కూతుళ్లు వేరు వేరు జిల్లాల వాళ్లు అవుతారు. మంచి డిజైనర్ అలా గీయడు. మనిషి ఒక క్లాస్, చోటు ఒక క్లాస్, రెండింటి మధ్య ఒక గీత. ఆ గీతకు ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా అని తేదీలు పెడతాడు. దాన్ని అసోసియేషన్ అంటారు. వలస పోయే కుటుంబాలకు కూడా ఇదే గీత పనికొస్తుంది. పరీక్షలో అసోసియేషన్‌కు, అట్రిబ్యూట్‌కు తేడా ఏమిటని అడిగితే ఈ కుటుంబాన్ని గుర్తు తెచ్చుకుని రాయండి.

ఇప్పుడు కొంచెం బరువైన మాట. ఇందాక వారసత్వం గురించి చెప్పాం. పై క్లాసులో ఉన్నది కింది క్లాసుకు అడగకుండానే వస్తుంది. కంప్యూటర్లు రాకముందే, మన మీద ఈ పని చేసినవాళ్లు ఉన్నారు. బ్రిటిష్ వాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. మన చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకల వాళ్లతో పాటు ఎన్నో జాతులను అందులో చేర్చారు. పేర్లు రిజిస్టరులో ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు, పోలీసుల ముందు హాజరు పలికించారు. తండ్రి ఏ నేరం చేశాడో అడగలేదు, కొడుకు ఏం చేస్తున్నాడో చూడలేదు. జాతి అనే పై డబ్బాలో 'నేరస్థుడు' అని రాస్తే కింద పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చేసింది. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం రద్దయినా, ఆ మాట కొందరి నోళ్లలో ఇంకా మిగిలే ఉందని మీకు తెలుసు.

క్లాస్ గీయడం అంటే అది. ఎవరి గురించి ఏం గుర్తుపెట్టుకోవాలో, ఏది ఎవరికి వారసత్వంగా రావాలో తీర్మానించడం. తప్పు గీత గీస్తే తరాలు మోస్తాయి. అదే చేతితో మంచి గీత కూడా గీయవచ్చు. షెడ్యూల్డ్ తెగల జాబితాలో యానాదుల పేరు పక్కన చెల్లా యానాది, కప్పల యానాది, మంచి యానాది, రెడ్డి యానాది అని పేర్లు ఉన్నాయి. ఎరుకల పేరు పక్కన కొరచ, దబ్బ ఎరుకల, కుంచాపురి ఎరుకల, ఉప్పు ఎరుకల అని ఉన్నాయి. ఆ పేర్లు జాబితాలో ఉండబట్టి, "నువ్వు చెప్పే పేరు ఇందులో లేదు" అని ఎవరూ తిప్పి పంపడానికి లేదు. 2003లో పార్లమెంటు సవరణతో నక్కల వాళ్లు మన రాష్ట్ర జాబితాలోకి వచ్చారు. అంతకు ముందు వాళ్లు లేరా? ఉన్నారు. పూసలు అమ్ముకుంటూ మన సంతల్లోనే ఉన్నారు. కాగితం మీద వాళ్లకు డబ్బా లేదు, అంతే.

ఇందాక చెప్పిన నార్వే పెద్దమనిషి నైగార్డ్ సిమ్యులాతో ఆగిపోలేదు. 1970 దశకం మొదట్లో ఇనుము, లోహ పరిశ్రమ కార్మికుల యూనియన్‌తో కలిసి పనిచేశాడు. ఫ్యాక్టరీల్లోకి కంప్యూటర్లు వస్తున్నాయి, అవి కార్మికుల పనిని మార్చేస్తున్నాయి. ఏం వస్తోందో కార్మికులే చదువుకుని, తమకేం కావాలో తామే చెప్పాలని ఆయన వాదన. దాని ఫలితంగా కొత్త కంప్యూటర్ వ్యవస్థల గురించి ముందే తెలుసుకునే హక్కు, మాట్లాడే హక్కు కార్మికులకు ఒప్పందాల ద్వారా వచ్చాయి. 2001 సంవత్సరానికి డాల్‌కు, నైగార్డ్‌కు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. సిమ్యులాను తయారుచేసినవాళ్లలో ఒకడైన మనిషే, వాడేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని గీయాలని కూడా చెప్పాడు. మా పాఠ్యపుస్తకంలో మొదటి సగం ఉంది, రెండో సగం లేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాం.

మా ప్రాజెక్టు ఏమైందని అడుగుతారు. మళ్లీ గీశాం. ఆ అవ్వ పక్కన కూర్చుని గీశాం. అర్జీదారు వేరు, సాయం చేసే మనిషి వేరు అని రెండు పుల్లబొమ్మలు పెట్టాం. ఫోన్ సొంతమా, పొరుగువారిదా అని రాశాం. ఇంటిపేరుకు సున్నా పెట్టాం. ఇల్లు తాళం ఉంటే విచారణ ఎలా జరగాలో వేరే దారి రాశాం. దాన్ని ఆల్టర్నేట్ ఫ్లో అంటారు. ఏడు మెట్ల యూజ్ కేస్‌కు తొమ్మిది వేరే దారులు వచ్చాయి. తర్వాత అర్జీ స్టేట్ డయాగ్రామ్ వేశాం. అందింది, విచారణలో ఉంది, ఆమోదించారు, తిరస్కరించారు. మొదటిసారి గీసినప్పుడు 'తిరస్కరించారు' అనే డబ్బా నుంచి బయటికి ఒక్క బాణం కూడా లేదు. అక్కడికి వెళ్లిన మనిషి అక్కడే ఉండిపోవాలి. కానీ కుల ధ్రువపత్రాల 1993 చట్టంలో అప్పీలు చేసుకునే వీలు ఉంది. రెండోసారి ఆ బాణం గీశాం. కారణం రాసి ఇవ్వాలి అని దాని మీద రాశాం.

మా కాగితం వల్ల ఏ ఆఫీసూ మారలేదు. మంచి మార్కులు వచ్చాయి, అంతే. కానీ ఆ తర్వాత ఉద్యోగంలో ఎవరు ఏ ఫారం గీయమన్నా, మాలో ఒకరు తప్పకుండా అడుగుతున్నాం. "ఇది లేనివాళ్లు ఏం చేయాలి?" మొదట్లో విసుక్కున్నారు. ఇప్పుడు మేము అడగకముందే వాళ్లు చూసుకుంటున్నారు.

చదువుతున్నవాళ్లకు నాలుగు పనికొచ్చే మాటలు.

ఈ సబ్జెక్టును బొమ్మలతో మొదలుపెట్టకండి. మనుషులతో మొదలుపెట్టండి. రేషన్ దుకాణం కావచ్చు, హాస్టల్ మెస్ కావచ్చు, తండా నీళ్ల ట్యాంకు కావచ్చు. ఒక పనిని ఎంచుకుని, దాన్ని వాడే ముగ్గురితో మాట్లాడి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. వాళ్లు పదే పదే పలికే వస్తువుల పేర్లు మీ క్లాసులు. వాళ్లు చేసే పనులు మీ మెథడ్లు. వాళ్లు "అట్ట కాకపోతే" అన్నచోటల్లా ఒక ఆల్టర్నేట్ ఫ్లో ఉంటుంది.

రెండోది, ల్యాప్‌టాప్ లేదని ఆగకండి. మేము రూళ్ల నోటుబుక్కులో గీశాం. కంప్యూటర్ దొరికితే డ్రా.ఐఓ, ప్లాంట్‌యూఎంఎల్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. బూచ్, రంబా, జాకబ్సన్ రాసిన యూఎంఎల్ యూజర్ గైడ్ లైబ్రరీలో అడగండి.

మూడోది, మన భాషలు తక్కువని అనుకోకండి. ఎరుకల భాష, లంబాడీ భాష తెలిసిన అనలిస్టు ఒక ఇంటి ముందు కూర్చుని తెలుసుకున్నది, బయటి మనిషి పది ఫారాలు నింపించినా తెలుసుకోలేడు. ఈ సబ్జెక్టులో అది మీ బలం.

నాలుగోది, చెప్పకూడనిది చెప్పకండి. ఎన్‌క్యాప్సులేషన్ అంటే లోపలి విషయం లోపలే ఉంచడం. ఎవరి గురించైనా అవసరం లేని వివరం అడగవద్దు, రాయవద్దు. రిజిస్టరు ఎంత పని చేయగలదో మన తాతలకు తెలుసు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. మన సభ్యుల పుస్తకం ఇంకా చేతిరాతలో ఉంది. దాన్ని కంప్యూటర్‌లో పెట్టాలని పెద్దలు అనుకుంటున్నారు. బయట ఎవరికో ఇవ్వకండి. ఇక్కడున్న పిల్లల చేతే గీయిద్దాం. మేము ముగ్గురం నేర్పిస్తాం. వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడికే నోటుబుక్కు, పెన్సిల్ తెచ్చుకోండి. రబ్బరు కూడా తెచ్చుకోండి, దాంతోనే ఎక్కువ పని. మొదటి డబ్బా గీసేముందు ముందు వరసలో ఉన్న ఈ అవ్వలను అడుగుదాం. పుట్టిన తేదీ పక్కన సున్నా పెట్టడం మాత్రం మరిచిపోవద్దు.